పడవని తీసేయకండి, మళ్ళీ గీయించండి

నమస్తే అండి. మీ ప్రశ్న, మీరు పంపిన ఫోటోలు నింపాదిగా చూశాను. నాకు అర్థమైంది ఇదీ. అమలాపురం దగ్గర మీ ఊరి ఫుట్‌బాల్ క్లబ్ 1964లో మొదలైంది. అప్పటి హైస్కూల్ డ్రాయింగ్ మాస్టారు గీసిచ్చిన బ్యాడ్జినే ఇప్పటిదాకా వాడుతున్నారు. గుండ్రటి గీత లోపల తెరచాప పడవ, దాని కింద మూడు అలలు, పక్కన కొబ్బరిచెట్టు, పైన బంతి, చుట్టూ ఊరి పేరు, అడుగున ‘తూ.గో. జిల్లా’. సంక్రాంతి టోర్నమెంటుకి కొత్త జెర్సీలు చేయిస్తున్నారు. ఇదంతా తీసేసి షీల్డులో సింహం, ఇంగ్లీషు అక్షరాలు పెడదామని కుర్రాళ్ళు అంటున్నారు. ఆ పడవ కోల్‌కతా ఫుట్‌బాల్ క్లబ్ మోహన్ బగాన్ నుంచి కాపీ కొట్టిందని కూడా ఒకరు అన్నారు. పాత ఆటగాళ్ళేమో గీత కూడా కదపడానికి వీల్లేదంటున్నారు. సెక్రటరీగా మీకు ఇది పెద్ద టెన్షన్ అయి కూర్చుంది.

నేను ముప్పై అయిదేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట రాజమండ్రిలో బ్రష్షుతో బోర్డులు రాశాను, తర్వాత స్క్రీన్ ప్రింటింగ్, ఆ తర్వాత డిటిపి, ఇప్పుడు జెర్సీలు, షీల్డులు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ పడవ ఉండాలి, దాన్ని గీసిన తీరు మాత్రం మారాలి. మీ ఊళ్ళో ఇద్దరూ ఈ రెండిటినీ ఒకటే అనుకుని పోట్లాడుకుంటున్నారు. పాతవాళ్ళకి కావలసింది పడవ. కుర్రాళ్ళకి నచ్చనిది, నాలుగుసార్లు జిరాక్స్ తీసి, మూడుసార్లు వేరేవాళ్ళు మళ్ళీ గీసి, చివరికి వంకరపోయిన బొమ్మ. ఆ బొమ్మని చూసి సిగ్గుపడటంలో కుర్రాళ్ళ తప్పేమీ లేదు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. పదిహేనేళ్ళ కిందట పశ్చిమ డెల్టాలో ఒక పాత క్లబ్‌కి బ్యాడ్జి మార్చి ఇచ్చాను. వాళ్ళ పాత బ్యాడ్జి మధ్యలో ఒక పెట్టె లాంటిది ఉండేది, దాని మీద అడ్డంగా నాలుగు గీతలు. అదేమిటో కమిటీలో ఎవరికీ తెలియదన్నారు. నేనూ ఇంకెవరినీ అడగలేదు. తీసేసి రెక్కలు చాచిన డేగని పెట్టాను, అందరూ బాగుందన్నారు. టోర్నమెంటు మొదటిరోజు ఒక పెద్దాయన వచ్చి బ్యానరు ముందు చాలాసేపు నిలబడి, ‘మా లాకులేవి?’ అన్నారు. ఆ పెట్టె కాలవ మీద నీళ్ళని ఆపే లాకు తలుపులు. క్లబ్ పెట్టినవాళ్ళలో సగంమంది లాకుల దగ్గర పనిచేసిన లస్కర్ల పిల్లలు. లాకు పక్కన ఖాళీ స్థలంలోనే ఆడేవారు, బంతి కాలవలో పడితే ఈ తలుపుల దగ్గరే ఆగేది. పెద్దాయన అప్పట్లో గోల్‌కీపరు. ఆయన ఆ రోజు మ్యాచ్ చూడకుండా వెళ్ళిపోయారు. మరుసటి ఏడు క్లబ్ పాత బ్యాడ్జికే తిరిగి వెళ్ళింది, జెర్సీలన్నీ మూలన పడ్డాయి. లాకులని చక్కగా, లాకుల్లా కనిపించేట్టు గీసి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. అది నా తప్పు. ఆ రోజు నుంచి పాత బొమ్మలో నాకు అర్థం కాని గీత ఒక్కటి కనిపించినా, ఎవరో ఒకరు చెప్పేదాకా దాన్ని ముట్టుకోవడం మానేశాను.

కాబట్టి మీరు డిజైనరు దగ్గరికి వెళ్ళకముందు ఒక పని చేయండి. పాతిక ముప్పైమందిని ఎంచుకోండి. పాత ఆటగాళ్ళు, ఇప్పటి జట్టు, టీ కొట్టు ఆయన, జెర్సీలు ఉతికే అమ్మలు కూడా. ఏళ్ళ తరబడి ఆ బ్యాడ్జిని చేత్తో రుద్దినవాళ్ళకి అది మనకంటే బాగా గుర్తుంటుంది. ఒక్కొక్కరికీ సగం ఎ4 కాగితం, స్కెచ్ పెన్ను ఇచ్చి, చూడకుండా మన బ్యాడ్జి గీయమనండి. విడివిడిగా అడగాలి. అందరినీ ఒకచోట కూర్చోబెడితే మొదటివాడు గీసిందే మిగతావాళ్ళూ గీస్తారు. బొమ్మ రాదని సిగ్గుపడితే, వచ్చినట్టే గీయండి చాలని చెప్పండి.

ఆ కాగితాలన్నీ నేలమీద పరిచి చూస్తే మీకే తెలిసిపోతుంది. దాదాపు అందరూ గీసినవి రెండో మూడో ఉంటాయి. అవే మీ వారసత్వం. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. సగంమంది గీసినవి కొన్ని ఉంటాయి, వాటిని బాగుచేయొచ్చు, చోటు మార్చొచ్చు. ఒక్కరికీ గుర్తులేనివి కొన్ని ఉంటాయి. అవి ఎప్పుడో ప్రెస్‌వాళ్ళు ఖాళీ నింపడానికి పెట్టిన చుక్కలు, తీగలు. వాటిని మొహమాటం లేకుండా వదిలేయొచ్చు. గుర్తులేకపోయినా ఎందుకు పెట్టారో ఎవరికైనా తెలిస్తే మాత్రం ఆగండి. నా లాకుల సంగతి అదే.

రెండో పని, పాత బ్యాడ్జీలన్నీ పోగుచేయడం. ఒక్కటే పాత బ్యాడ్జి ఉందని అందరూ అనుకుంటారు కానీ ఎప్పుడూ అలా ఉండదు. చందా రశీదు పుస్తకాలు, రబ్బరు స్టాంపు, పాత షీల్డులు, టోర్నమెంటు కరపత్రాలు, గ్రూప్ ఫోటోలు, పెట్టెల్లో మడిచిపెట్టిన చొక్కాలు. ఏది దొరికినా ఫోటో తీసి, ఏ సంవత్సరానిదో రాసిపెట్టండి.

మీ ఫోటోల్లోనే ఒక సంగతి నాకు కనిపించింది. పెద్దవాళ్ళు 1964 నాటిదని చెబుతున్న బ్యాడ్జిలో బంతి మీద నల్లటి అయిదు మూలల ముక్కలున్నాయి. ఆ నలుపు తెలుపు బంతి ప్రపంచానికి బాగా తెలిసింది 1970 మెక్సికో ప్రపంచకప్‌తో. దాని పేరు టెల్‌స్టార్, 12 నల్ల ముక్కలు, 20 తెల్ల ముక్కలు. నలుపు తెలుపు టీవీల్లో స్పష్టంగా కనబడాలని అలా చేశారు. అంతకుముందు వాడినవి పొడుగాటి పట్టీలు కుట్టిన గోధుమరంగు తోలు బంతులు, వాటికి బూటుకి ఉన్నట్టు లేసు కూడా ఉండేది. మాస్టారు 1964లో గీసిన బంతి ఇది అయ్యే అవకాశం దాదాపు లేదు. అంటే గీత కూడా మార్చొద్దంటున్న ఆ బొమ్మని ఇప్పటికే ఎవరో ఒకసారి మార్చారు. అది చూసి ఎవరూ కోపం తెచ్చుకోలేదు, ఎందుకంటే పడవ అలాగే ఉంది. ఈ మాట పెద్దవాళ్ళకి నలుగురిలో చెప్పకండి, వాదనలో ఓడించినట్టు అవుతుంది. వాళ్ళలో అందరూ గౌరవించే ఒకరి ఇంటికి వెళ్ళి, కూర్చుని, ఆ బ్యాడ్జి ఫోటో, అప్పటి తోలు బంతి ఫోటో పక్కపక్కన పెట్టి చూపించండి.

మోహన్ బగాన్ విషయం. వాళ్ళ బ్యాడ్జిలో పడవ ఉన్నమాట నిజమే. 1889లో పుట్టిన క్లబ్ అది. 1911లో ఒక్కరు తప్ప అందరూ బూట్లు లేకుండా ఆడి, బ్రిటిష్ సైన్యం జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటుని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డు టోర్నమెంటు గెలిచింది. మన దేశంలో బంతి తన్నిన ప్రతివాడికీ ఆ కథ తెలుసు. మీ మాస్టారికీ తెలిసే ఉండొచ్చు, మనసులో ఆ పడవ ఉండే ఉండొచ్చు. అందులో తప్పేముంది? కానీ కోనసీమలో పడవ గీయడానికి బెంగాల్ దాకా వెళ్ళక్కర్లేదు. ఇటు గౌతమి, అటు వసిష్ఠ, దిగువన సముద్రం. యానాం-ఎదుర్లంక వంతెన రాకముందు అవతలి గట్టున మ్యాచ్ ఉందంటే రేవుకి వెళ్ళి పంటు కోసమో పడవ కోసమో కాచుకోవాల్సిందే. మీ మొదటి జట్టు బయటి ఊరికి ఆడటానికి ఎలా వెళ్ళిందో అడిగి చూడండి. నాకు తెలిసిన పాత ఆటగాళ్ళందరూ ఆటకంటే ముందు రేవు కథే చెబుతారు.

మోహన్ బగాన్ నుంచే ఇంకో సంగతి నేర్చుకోవాలి. 2020లో ఆ క్లబ్ ఏటీకే అనే ఇంకో ఫ్రాంచైజీతో కలిసిపోయినప్పుడు ఆకుపచ్చ, మెరూన్ రంగులు, పడవ ఉంటాయని కొత్త యాజమాన్యం ముందుగా ప్రకటించాల్సి వచ్చింది. అంత చేసినా, పేరు ముందు కొత్తగా చేరిన మూడు అక్షరాలని అభిమానులు ఒప్పుకోలేదు. అవి 2023లో పోయాయి.

అడగకుండా చేసిన పెద్ద క్లబ్బులు కూడా ఇలాగే వెనక్కి తగ్గాయి. ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్ 2013లో తన లాటిన్ నినాదాన్ని తీసేసి బ్యాడ్జిని తేలిక చేసింది. ఇరవైవేలమందికి పైగా నిరసనగా సంతకాలు పెట్టారు, క్లబ్ క్షమాపణ చెప్పి అభిమానుల ఓటు పెట్టింది, మరుసటి సీజన్‌కి నినాదం తిరిగి వచ్చింది. వేల్స్ క్లబ్ కార్డిఫ్ సిటీ 2012లో నీలం జెర్సీని ఎరుపు చేసి, బ్యాడ్జిలోని నీలిపిట్టని మూలకి నెట్టి డ్రాగన్‌ని పెద్దది చేసింది, 2015లో మళ్ళీ నీలానికి రావాల్సి వచ్చింది. స్పెయిన్ క్లబ్ అట్లెటికో మాడ్రిడ్ 2017లో మార్చిన బ్యాడ్జిని 2023లో సభ్యుల ఓటుకి పెడితే దాదాపు 89 శాతం పాతదే కావాలన్నారు.

వీటిలో మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఇంగ్లండ్ క్లబ్ లీడ్స్ యునైటెడ్ కథ. 2018 జనవరిలో తెల్ల గులాబీ ఉన్న షీల్డుని తీసేసి, గుండెమీద పిడికిలి పెట్టుకున్న మనిషి బొమ్మ చూపించారు. పదివేలమందిని సంప్రదించామని క్లబ్ చెప్పింది. అయినా కొన్ని గంటల్లోనే వేలమంది వద్దన్నారు, అది వాడకంలోకే రాలేదు. అంతమందిని అడిగినా అలా ఎందుకైంది? నేననుకునేది ఇది. ఈ క్లబ్ అంటే నీకేమనిపిస్తుంది అని అడిగితే అభిమానం, పట్టుదల, ఐక్యత అనే చెబుతారు. ఆ జవాబుల్లోంచి ఏ బొమ్మైనా పుట్టించొచ్చు. ఏది పోతే నీకు బాధ కలుగుతుంది అని అడగాలి. మీ మీటింగులో మీరు అడగాల్సిన ప్రశ్న కూడా అదొక్కటే.

సవ్యంగా చేసినవాళ్ళూ ఉన్నారు. మాంచెస్టర్ సిటీ 1997లో డేగ బ్యాడ్జి పెట్టుకుంది, 2015లో అభిమానులని అడిగి మళ్ళీ గుండ్రటి బ్యాడ్జికి వచ్చింది. అందులో పైన ఓడ. ఆ ఊరికి సముద్రం లేదు, ఆ ఓడ 1842 నాటి నగర చిహ్నం నుంచి వచ్చింది, వ్యాపారానికి గుర్తు. దాని కింద మూడు ఏటవాలు గీతలు. అవి ఇర్వెల్, ఇర్క్, మెడ్‌లాక్ అనే మూడు నదులు. ఓడ, మూడు నదులు. మీ బ్యాడ్జి కింద ఉన్న మూడు అలలని ‘డిజైన్‌లో అడ్డం’ అని కుర్రాళ్ళు అన్నారని రాశారు కదా, ఈ బ్యాడ్జి వాళ్ళకి చూపించండి. మీ మూడు అలలు గౌతమి, వసిష్ఠ, వైనతేయ అయి ఉండొచ్చని నాకు అనిపిస్తోంది. కానీ నాకు అనిపించినదాన్ని మీరు చరిత్రగా రాసుకోకండి. మాస్టారి ఇంట్లోవాళ్ళో, మొదటి జట్టులోవాళ్ళో చెబితేనే రాయండి. ఎవరూ చెప్పకపోతే మూడు అలలు మూడు అలలుగానే ఉంటాయి, దానివల్ల లోటేమీ లేదు. లేని అర్థం అంటగట్టడం, ఉన్న బొమ్మ తీసేసినంత తప్పు.

ఇక కొబ్బరిచెట్టు. మీ ఫోటోలు పెద్దవి చేసి చూసినప్పుడు నన్ను కదిలించింది ఇదే. రశీదు పుస్తకం మీద చెట్టు నిటారుగా ఉంది. 1998 నాటి షీల్డు మీద అదే చెట్టు పక్కకి ఒరిగి ఉంది. ప్రెస్‌లో పొరపాటు కావొచ్చు. కానీ 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. తోటలకి తోటలు నేలమట్టమయ్యాయి, ఇళ్ళు పోయాయి, మనుషులు పోయారు. ఆ తర్వాత చెట్టుని ఒరిగినట్టు ఎవరైనా కావాలనే గీయించారేమో అడగండి. అప్పటి కమిటీలో ఉన్నవాళ్ళు ఇంకా ఉంటారు. అవునంటే ఆ చెట్టుని ఎట్టి పరిస్థితుల్లోనూ మళ్ళీ నిలబెట్టకండి.

అయితే పడవ, అలలు, చెట్టు, బంతి, పేరు అన్నీ ఏడు సెంటీమీటర్ల బ్యాడ్జిలో ఇరకవు. దానికి లివర్‌పూల్ చేసిన పని చూడండి. 1989లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో ప్రాణాలు పోయిన 97 మంది జ్ఞాపకంగా వాళ్ళ బ్యాడ్జిలో రెండు జ్వాలలు చేరాయి. 2012లో జెర్సీ గుండె మీద పక్షి బొమ్మ ఒక్కటే ఉంచి, జ్వాలలని వీపు పైన, మెడ కిందకి మార్చారు. మీ ఒరిగిన చెట్టుకి కూడా అదే చోటు ఇమ్మంటాను. మెడ వెనక, ఒంటరిగా, ఒకే రంగులో. గుండె మీద పడవ, అలలు, పేరు చాలు. బంతిని తీసేయొచ్చు. ఫుట్‌బాల్ జెర్సీ మీద బంతి బొమ్మ కొత్తగా చెప్పేది ఏమీ లేదు. కాగితాల్లో అందరూ బంతి గీస్తే మాత్రం ఉంచండి, అప్పుడు మాస్టారి కాలం నాటి లేసు బంతిని గీయించండి. బాగుంటుంది.

సింహం గురించి ఎక్కువ చెప్పను. అంతర్వేది నరసింహస్వామి పేరు చెప్పి సింహం పెడదామన్నవాళ్ళు నాకు ఇంతకుముందూ తగిలారు. అన్ని మతాల పిల్లలూ వేసుకునే చొక్కా అది, చెమటలో, బురదలో తడిసేది. దేవుడి గుర్తు అక్కడ వద్దు. ఇక మామూలు సింహమైతే ప్రతి మండలంలో నాలుగు జట్లకి ఉంది, ఇంటర్నెట్‌లో అందరికీ ఒకటే సింహం దొరుకుతుంది. పడవ ఒక్క మీకే ఉంది.

‘తూ.గో. జిల్లా’ తీసేయండి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయ్యాక అది ఎలాగూ చెల్లదు. దాని చోట కొత్త జిల్లా పేరు కూడా పెట్టకండి. ఊరి పేరు చాలు. సంవత్సరం పెట్టాలనుకుంటే క్లబ్ రిజిస్ట్రేషన్ తేదీనా, మొదటి మ్యాచ్ ఆడిన ఏడా తేల్చుకుని పెట్టండి, రెండూ తరచుగా వేరువేరుగా ఉంటాయి.

ఇప్పుడు తెలుగు అక్షరాల సంగతి. డిజైనర్లు ఎక్కువగా పాడుచేసేది ఇక్కడే, అందుకే కొంచెం విడమరచి చెబుతాను. గుండ్రటి బ్యాడ్జిలో పేరుని పై సగంలో వంపుగా రాయడం విదేశీ బ్యాడ్జీల అలవాటు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకి కింద ఏమీ వేలాడదు కాబట్టి వాళ్ళకి అది కుదురుతుంది. మనకి ఒత్తులున్నాయి. పై వంపులో అక్షరాల కాళ్ళన్నీ మధ్యకి తిరుగుతాయి, కిందకి పోయేకొద్దీ చోటు ఇరుకవుతుంది. ‘ముమ్మిడివరం’ అని రాసి చూడండి, మ కింద ఒత్తు పక్క అక్షరాన్ని తగులుతుంది. అదే పేరుని కింది సగంలో, అక్షరాలు నిలువుగా చదివేట్టు రాస్తే కాళ్ళు బయటి వైపు ఉంటాయి, చోటు విచ్చుకుంటుంది, ఒత్తులు హాయిగా కూర్చుంటాయి. అందుకే తెలుగు పేరు ఎప్పుడూ కింది వంపులో పెట్టమంటాను. పడవ కింద నీళ్ళు, నీళ్ళ కింద పేరు. మీకు ఎలాగూ సరిపోతుంది.

ఇంకొకటి. సన్నటి ఫాంటు వద్దు, మరీ లావుదీ వద్దు. లావు అక్షరాలు కుట్టేటప్పుడు లోపలి సున్నాలు పూడిపోతాయి, ‘వ’కీ ‘ప’కీ తేడా పోతుంది. నన్నడిగితే ఫాంటే వద్దు. మీ పేరు ఆరేడు అక్షరాలే కాబట్టి, చేత్తో బోర్డులు రాసే ఆర్టిస్టు ఎవరైనా మీ దగ్గర ఇంకా ఉంటే ఆయన చేత రాయించి, దాన్ని కంప్యూటర్‌లో గీయించండి. మాస్టారు చేత్తో రాసిన అక్షరాలు రశీదు పుస్తకం మీద శుభ్రంగా ఉంటే ఇంకా మంచిది, వాటినే సరిచేసుకోవచ్చు. అను ఫాంటులో చేయిస్తే ఫైలు ఇచ్చేముందు అక్షరాలని కర్వ్స్‌గా, అంటే ఫాంటు అవసరం లేని బొమ్మ గీతలుగా మార్చమనండి. లేకపోతే ఎంబ్రాయిడరీ వాళ్ళ కంప్యూటర్‌లో మీ ఊరి పేరు పిచ్చిగుర్తులుగా తెరుచుకుంటుంది, వాళ్ళు తమకి తోచిన ఫాంటులో టైప్ చేసి కుట్టేస్తారు. ఇలా ఒత్తు తప్పుతో అచ్చయిన బ్యాడ్జీలు నేను చాలా చూశాను. ఇంగ్లీషు పేరు కావాలన్న కుర్రాళ్ళ మాట కూడా కొట్టేయొద్దు. బయటి రాష్ట్రాలకి ఆడటానికి వెళితే పేరు చదవగలగాలి కదా. వీపు మీద, నంబరు పైన ఇంగ్లీషులో వేయించండి.

పడవని గీసే కుర్రాడిని ముందు రేవుకి తీసుకెళ్ళండి. ఫోన్‌లో వెతికి గీస్తే రెండు ముక్కోణపు తెరచాపలతో విలాసాల పడవ వస్తుంది, లేకపోతే కేరళ హౌస్‌బోటు వస్తుంది. మీ దగ్గర తిరిగిన పడవకి కొన ఎంత పైకి లేచి ఉండేది, తెరచాప ఏ ఆకారం, చుక్కాని ఎక్కడ, గెడ పట్టుకున్న మనిషి ఏ చివర నిలబడేవాడు? నీళ్ళమీద పనిచేసిన పెద్దవాళ్ళని అడిగి గీయమనండి. అంతా తెలుసుకున్నాక నాలుగైదు గీతల్లో చెప్పాలి. తెలుసుకుని తగ్గించిన గీతకీ, తెలియక తగ్గించిన గీతకీ తేడా చూడగానే కనబడుతుంది.

గీశాక కొన్ని పరీక్షలు పెట్టండి. ఒకే రంగులో రబ్బరు స్టాంపు చేయించి రశీదు మీద కొట్టండి. జిరాక్స్‌కి జిరాక్స్ తీయండి. వాట్సాప్ డీపీగా పెట్టి చూడండి, అది గుండ్రంగా కత్తిరిస్తుంది కాబట్టి షీల్డు ఆకారమైతే మూలలు పోతాయి. మీ పాత గుండ్రటి గీత ఈ రోజుల్లోనే ఎక్కువ పనికొస్తుందని కుర్రాళ్ళకి అలా తెలుస్తుంది. ఎంబ్రాయిడరీకి గీతలు ఒక మిల్లీమీటరు కంటే సన్నగా ఉండకూడదు, గీతల మధ్య ఖాళీ కూడా అంతే ఉండాలి. పంచింగ్, అంటే బొమ్మని కుట్టు మెషిను ఫైలుగా మార్చడం, అయ్యాక మొత్తం కుట్టించేముందు ఒక్క ముక్క జెర్సీ గుడ్డ మీదే కుట్టించి చూడండి. మందపాటి గుడ్డ మీద బాగున్నది పల్చటి పాలిస్టర్ మీద ముడతలు పడుతుంది.

రంగు విషయంలో ఒక చిట్కా. పాత చొక్కాల ఆకుపచ్చ ఎండకి వెలిసిపోయి ఉంటుంది, ఒక్కొక్కరు ఒక్కో ఆకుపచ్చ చెబుతారు. కుట్టు విప్పి లోపలి మడత చూడండి, ఎండ తగలని గుడ్డ అక్కడ ఉంటుంది. ఆ ముక్కని తీసుకెళ్ళి దారం నంబరు ఎంచుకోండి, ఆ నంబరు మినిట్స్ పుస్తకంలో రాసిపెట్టండి. ఫోన్ స్క్రీన్ మీద రంగు చూసి ఒప్పుకోకండి.

కాగితాల పని చిన్నదే కానీ మర్చిపోవద్దు. మాస్టారు గీసిన బొమ్మ మీద హక్కు, ఆయన రాసి ఇవ్వకపోతే, ఆయన వారసులది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం అది గీసినవాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. ఇంటికి వెళ్ళి విషయం చెప్పి, క్లబ్ వాడుకోవడానికి, మార్చుకోవడానికి ఒప్పుకుంటున్నామని ఒక ఉత్తరం తీసుకోండి. అడగడం మర్యాద కూడా. కొత్త బొమ్మ గీసినవాళ్ళ దగ్గర కూడా హక్కులు క్లబ్‌కి రాయించుకోండి. ఆర్సెనల్ అంతటి క్లబ్ 2002లో బ్యాడ్జి మార్చడానికి ఒక కారణం, పాతదాని మీద కాపీరైట్ రాకపోవడమే. జెర్సీలు అమ్మే ఆలోచన ఉంటే ట్రేడ్‌మార్కు చేయించండి, బట్టలకి 25వ తరగతి, క్రీడలకి 41వ తరగతి, పదేళ్ళకోసారి రెన్యూ చేయాలి. మూడు సింహాల రాజముద్ర, అశోకచక్రం బ్యాడ్జిలో పెట్టకండి, దానికి చట్టం ఒప్పుకోదు.

మీటింగులో మూడు డిజైన్లు గోడకి అంటించి చేతులెత్తమనకండి. అలా చేస్తే ఊరు మూడు ముక్కలవుతుంది, ఓడిన రెండు ముక్కలూ ఆ బ్యాడ్జిని ఎప్పటికీ తమదనుకోవు. ముందు ఆ ముప్పై కాగితాలు అందరికీ చూపించండి. వాటినిబట్టి ఏవి ఉండాలో ఒక తీర్మానం చేసి సంతకాలు తీసుకోండి. తర్వాత ఒక్క డిజైనే చేయించి, ఒక కుర్రాడికి తొడిగించి, సాయంత్రం ప్రాక్టీసుకి పెద్దవాళ్ళని పిలవండి. గీత బయట, వాళ్ళు ఎప్పుడూ నిలబడే చోటు నుంచి చూడనివ్వండి. ఫోన్‌లో చూపిస్తే గీతలకి వంకలు పెడతారు. మైదానంలో పరిగెత్తే పిల్లాడి గుండె మీద పడవ కనిపిస్తే మాట వేరేగా ఉంటుంది. పాత జెర్సీలు ఈ ఏడు కూడా ప్రాక్టీసుకి వేసుకోనివ్వండి, ఎవరినీ తీసేయమనవద్దు.

సంక్రాంతికి అందదేమోనని మీ భయం. అందకపోతే ఈ ఏడు ఏ బ్యాడ్జీ లేని జెర్సీలు వేయించండి, లేదా పాత బ్యాడ్జినే శుభ్రంగా స్కాన్ చేసి అంటించండి. తొందరలో కుట్టించిన తప్పు పదేళ్ళు ఉంటుంది.

మాస్టారి ఇంట్లో అసలు కాగితం ఉండొచ్చని రాశారు. ముందు అక్కడికే వెళ్ళండి. దొరికితే చేత్తో ఎక్కువ తిప్పకండి, లామినేషన్ అసలు చేయించకండి. 600 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేయించండి, మడతలు, మరకలు ఎలా ఉన్నవి అలాగే ఉండనివ్వమనండి, వెనకవైపు కూడా తీయించండి. డ్రాయింగ్ మాస్టార్లు కాగితం వెనక పెన్సిల్‌తో ఏదో ఒకటి రాసుకుంటారు. ఆ స్కాన్, ఆ ముప్పై కాగితాల ఫోటోలు ఇక్కడే పెట్టండి. పడవ గీతలు నేను చూసి చెబుతాను, దానికి డబ్బేమీ వద్దు.